ఖాళీలను పూరింపుము

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లుకు నేను రాసిచ్చిన మొదటి ప్రోగ్రాం పదకొండో రోజుకే మొరాయించింది. క్యాషియరు ఒక కమీషన్ ఏజెంటుకు లక్షా ఇరవై ఐదు వేలు చెల్లించి, చిట్టా పుస్తకంలో ఎలా రాస్తాడో కంప్యూటర్లోనూ అలాగే కొట్టాడు: 1,25,000. ఎంటర్ నొక్కగానే తెర మీద ఒక డబ్బా లేచింది. ఉన్న గళ్లకూ వచ్చిన విలువలకూ లెక్క కుదరడం లేదని దాని గోల. “ఇచ్చింది ఒక్కనికి, ఒక్కటే మొత్తం. ఇంక లెక్క కుదరకపోవుడు ఏంది సార్?” అని క్యాషియరు ఫోన్లో అడిగాడు. సూర్యాపేట బస్టాండులో నిలబడి నేనూ అదే ఆలోచిస్తున్నాను.

2004 నాటి మాట. అమీర్‌పేటలో కోర్సు చేసి, విజువల్ బేసిక్, యాక్సెస్ చేతికొచ్చాయనుకుని, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క సూర్యాపేటకు తిరిగొచ్చిన రోజులు. మిర్యాలగూడకు రైలుంది, సూర్యాపేటకూ కోదాడకూ లేదు. అందుకని ఈ మూడు ఊళ్ల మధ్య నా ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సుల్లోనే గడిచింది. చాలా తప్పులు నాకు తట్టింది కూడా కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్లే దారిలో, కిటికీ పక్క సీట్లోనే. ఆ రోజూ అంతే.

డేటాబేసుకు పంపే వాక్యాన్ని నేను ముక్కలు ముక్కలుగా అతికించి తయారుచేసేవాణ్ణి. ‘ఫలానా పట్టికలో ఈ విలువలు చేర్చు’ అని ముందు నా మాట, దాని పక్కన వోచరు నంబరు, కామా, తేదీ, కామా, పార్టీ పేరు, కామా, మొత్తం, చివర బ్రాకెట్టు. క్యాషియరు ఏం కొడితే అది నేరుగా నా వాక్యంలో కలిసిపోయేది. మనకు కామా అంటే వేలు దాటాయి, లక్ష దాటింది అని గుర్తు. ఎస్‌క్యూఎల్‌కు కామా అంటే ఒక విలువ అయిపోయి ఇంకొకటి మొదలైందని గుర్తు. నాలుగు గళ్లున్న చోటికి ఆరు విలువలు వెళ్లాయి: వోచరు, తేదీ, పేరు, ఒకటి, ఇరవై ఐదు, మూడు సున్నాలు.

మిల్లుకు వెళ్లి అరగంటలో బాగుచేశాను, లేదా చేశాననుకున్నాను. విజువల్ బేసిక్‌లో ‘వాల్’ అనే ఫంక్షను ఉంది. అక్షరాల్లో ఉన్నదాన్ని అంకెగా మారుస్తుంది. దాన్ని తగిలించి, గళ్ల తగాదా తీరిందని టీ తాగి బస్సెక్కాను. ఆ సాయంత్రం గల్లాపెట్టెలో తేడా 1,24,999 రూపాయలు. ‘వాల్’ ఎడమ నుంచి చదువుకుంటూ పోయి అంకె కానిది ఎదురవగానే ఆగిపోతుంది. ఒకటి చదివింది, కామా చూసింది, ఆగింది. కమీషన్ ఏజెంటుకు ఒక్క రూపాయి ఇచ్చినట్టు రాసుకుంది. అంతకుముందు వచ్చిన తప్పు కనీసం అరిచి చెప్పింది. ఇది నోరు మూసుకుని పుస్తకంలో కూర్చుంది. ఇరవై ఏళ్లలో నేను భయపడింది ఎప్పుడూ ఈ రెండో రకానికే.

ఆ మిల్లులో ఒక పెద్ద గుమాస్తా ఉండేవారు. నా కంప్యూటరు రాకముందు నలభై ఏళ్ల లెక్క ఆయన చేతుల్లోనే నడిచింది. రెండో రోజు నేను తల పట్టుకుని కూర్చుంటే, బీరువాలోంచి ఒక ప్రామిసరీ నోట్ల కట్ట తీసి ముందు పడేశారు. “తమ్మీ, ఇది చూడు. అచ్చయిన మాట ఎవడూ మార్చలేడు. మనం రాసేది ఈ ఖాళీలల్లనే. రాసినంక మిగిలిన జాగల గీత కొడత. అంకెల్లో రాసినంక మళ్ల ‘అక్షరాలా’ అని రాసి, చివర ‘మాత్రమే’ అంట. ఎందుకో ఎరికేనా? ఖాళీల పడ్డది ఖాళీ దాటి రావద్దు.” ఆ తర్వాత నవ్వి, “నువ్వు తెల్లకాగితం మీద రాయించుకుంటున్నవ్” అన్నారు.

ఆయనకు ఎస్‌క్యూఎల్ తెలియదు. నా జబ్బును మాత్రం నాకంటే బాగా పట్టుకున్నారు. ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే, అమీర్‌పేటలో మాస్టారు ‘ఇది ఇంపార్టెంట్ కాదు’ అని దాటేసిన పేజీలో ఆ నోటు కనిపించింది. పారామీటర్ క్వెరీ. ‘ఫలానా పట్టికలో చేర్చు, విలువలు: ప్రశ్న గుర్తు, ప్రశ్న గుర్తు, ప్రశ్న గుర్తు, ప్రశ్న గుర్తు’ అని వాక్యాన్ని ముందే అచ్చు వేసుకోవాలి. ప్రతి ప్రశ్న గుర్తూ ఒక ఖాళీ. తర్వాత ఒక్కో ఖాళీకి అది అంకెనా, తేదీనా, అక్షరాలా, ఎంత పొడవు అనే రకం చెప్పి, విలువను విడిగా అందించాలి. వాక్యం ఒక దారిన వెళ్తుంది, విలువలు ఇంకో దారిన. డేటాబేసు ముందు వాక్యాన్ని చదివి అర్థం చేసుకుని, విలువల్ని ఆ తర్వాత చేతిలోకి తీసుకుంటుంది. కాబట్టి విలువలో కామా ఉన్నా, కొటేషన్ ఉన్నా వాక్యం అర్థం మారదు. చిన్నప్పుడు పరీక్షలో ‘ఖాళీలను పూరింపుము’ అని అయిదు మార్కులకు వచ్చేదే. నేను మాత్రం ఖాళీలు పూరించకుండా ప్రశ్నపత్రాన్నే తిరగరాస్తూ వచ్చాను.

కొటేషన్ అన్నాను కదా, అది కూడా నాకు అనుభవమే. సూర్యాపేటలో ఎరువుల దుకాణం ఒకటి. పేరులో ‘ఫార్మర్స్’ అనే మాట ఇంగ్లీషులో ఉంది, చివరి అక్షరానికి ముందు పైన చిన్న కొస. బోర్డు రాసిన పెయింటరుకు అది అందం. నా ప్రోగ్రాంకు అది మాట ముగిసిందనే గుర్తు. ఆ పార్టీ పేరు ఎక్కించిన ప్రతిసారీ ప్రోగ్రాం పడిపోయేది. ‘ఆ కొస తీసేసి కొట్టండి’ అని నేను యజమానికి సలహా ఇచ్చాను. ఒక మనిషి తన దుకాణం పేరును నా చేతగానితనం కోసం మార్చి రాసుకోవాలన్నమాట. ఇప్పటికీ ఆ దారిన పోతే బోర్డు వైపు చూడలేను.

అయితే పారామీటర్లు నేర్చుకోగానే కష్టాలు తీరలేదు. కొన్ని కొత్తవి మొదలయ్యాయి. వాటిలో నేను మరిచిపోలేనిది బస్తాల కథ.

మిర్యాలగూడ మిల్లులంటే నాగార్జునసాగర్ ఎడమ కాల్వ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మడులకు చేరాక వడ్లు, వడ్ల వెనక మిల్లులు వచ్చాయి. సీజన్లో మిల్లు గేటు ముందు ట్రాక్టర్ల వరస రోడ్డు మీదికి సాగుతుంది. కాంటా మీద బండి ఎక్కుతుంది, నిండు బరువు రాస్తారు. సరుకు దించాక ఖాళీ బండి మళ్లీ ఎక్కుతుంది. రెండింటి తేడా వడ్ల బరువు. దాంతోపాటు ఎన్ని బస్తాలు, తేమ ఎంత, తాలు ఎంత, తరుగు ఎంత, అన్నీ ఒక చిట్టీ మీదికి రావాలి. రైతుకు డబ్బులు బరువు మీద. హమాలీలకు కూలి బస్తా మీద.

2009లో ఆ చిట్టీల ప్రోగ్రాంను డాట్‌నెట్‌లోకి మార్చి రాశాను. డేటాబేసు మాత్రం పాత యాక్సెస్సే, ఎందుకంటే సేటుకు సర్వర్ కొనే ఉద్దేశం లేదు. ఖాళీలకు ప్రశ్న గుర్తులు పెట్టడం మానేసి చక్కగా పేర్లు పెట్టుకున్నాను: బస్తాలు అని ఒకటి, బరువు అని ఒకటి. పేర్లుంటే పొరపాటు రాదని నా ధీమా. యాక్సెస్‌ను అందుకోవడానికి వాడే ఓలీడీబీ అనే వంతెనకు ఒక గుణముంది. మనం పెట్టిన పేర్లను అది చదవదు. ఏ వరసలో విలువలు ఇస్తే ఆ వరసలోనే ఖాళీలు నింపుకుంటూ పోతుంది. వాక్యంలో బస్తాలు ముందు, బరువు తర్వాత. నేను విలువలు ఇచ్చేటప్పుడు బరువు ముందు, బస్తాలు తర్వాత ఇచ్చాను. పేర్లు సరిగ్గానే ఉన్నాయి, చదివేవాళ్లే లేరు.

తప్పు వచ్చిందా అంటే రాలేదు. ఎనభై బస్తాలు, అరవై క్వింటాళ్ల పావు బరువు. డెబ్బై అయిదు కిలోల బస్తా లెక్కన సరిగ్గా ఉండాల్సినట్టే ఉన్న అంకెలు. అవి తారుమారై, బస్తాల గడిలో అరవై, బరువు గడిలో ఎనభై పడ్డాయి. పావు క్వింటాలును బస్తాల గడి మింగేసింది, అది పూర్ణాంకాల గడి కాబట్టి. రెండూ రెండంకెల సంఖ్యలే, ఏదీ కంటికి ఆనలేదు. ఒకటి తేదీ, ఒకటి అంకె అయివుంటే యంత్రమే కేకేసేది. ఒకే రకం ఖాళీలు పక్కపక్కన ఉన్నప్పుడు అది నోరెత్తదు.

పట్టుకున్నది ముఠా మేస్త్రి. సాయంత్రం కూలి లెక్క చూడటానికి వచ్చాడు. ఆయనకు చదువు రాదు. మిల్లు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంటాడు, నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత. “ఏంది సారూ, ఎనభై సంచులు దించితే అరవై అంటది మీ డబ్బా? మిగిలిన ఇరవై ఎవలు మోసిన్రు?” అని నిలదీశాడు. నేను కంప్యూటరు వైపే మాట్లాడాను. కంప్యూటరు తప్పు చెప్పదని, గోడ మీద లెక్కలో పొరపాటు జరిగి ఉంటుందని అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి, ఆ రోజు దించిన బండ్లన్నిటినీ గీతల్లో ఒక్కొక్కటిగా చూపించాడు. మూడో బండికి నాకు వెన్నులో చలి పుట్టింది. గోడ మీద బస్తాలు ఎన్నున్నాయో, నా తెర మీద బరువు గడిలో అంతే ఉంది.

రైతుల బిల్లులు మర్నాడు చేస్తారు కాబట్టి బతికాను. లేకపోతే అరవై క్వింటాళ్లకు ఎనభై క్వింటాళ్ల డబ్బు వెళ్లేది. ఆ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని, ఆ రోజు పడ్డ చిట్టీలన్నీ గోడ చూసి సరిచేశాను. మేస్త్రి వెళ్లిపోలేదు, పక్కనే చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. నా మీద నమ్మకం పోయిందో, జాలేసిందో తెలియదు.

ఆ వారమంతా నాకు పిచ్చి పట్టినట్టు, ఏ ప్రోగ్రాం చూసినా ఖాళీల వరస లెక్కపెట్టేవాణ్ణి. ఒక్కో చోట ఒక్కో ఆచారం. పాత ఏడీవోలో ఖాళీలను సున్నా నుంచి లెక్కపెట్టాలి. జావాలో ఒకటి నుంచి లెక్కపెట్టాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో మాట్లాడే వంతెన పేర్లను చదువుతుంది, ఓలీడీబీ చదవదు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్నది మిల్లులో ఇరవై బస్తాల కూలి అవుతుందని ఏ పుస్తకమూ చెప్పదు.

తేదీల సంగతి చెప్పకపోతే ఈ వృత్తి గురించి చెప్పినట్టే కాదు. పారామీటర్లు నేర్చుకున్నాక కూడా కొన్నాళ్లు తేదీని మాత్రం వాక్యంలోనే అతికించేవాణ్ణి. మనం 5/12/2006 అంటే డిసెంబరు అయిదు. యాక్సెస్ వాక్యంలో రాసిన తేదీని అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత చదువుకుంటుంది. దానికి అది మే నెల పన్నెండు. ఇక్కడ తమాషా ఏమిటంటే, 25/12 అని ఇస్తే ఇరవై ఐదో నెల లేదు కదా అని తనే తిప్పుకుని డిసెంబరు ఇరవై ఐదుగా తీసుకుంటుంది. అంటే పన్నెండు దాటిన తారీఖులు బాగుంటాయి, దాటనివి తిరగబడతాయి. వానాకాలం వడ్లు ముమ్మరంగా వచ్చే డిసెంబరులో మొదటి పదకొండు రోజుల కొనుగోళ్లు ఆ ఏడాది జనవరి నుంచి నవంబరు దాకా ప్రతి నెలా పన్నెండో తారీఖున ఒక్కో ముద్దగా పడ్డాయి. డిసెంబరు పన్నెండు మాత్రం ఎటు తిప్పినా పన్నెండే, అది బతికింది. నెలవారీ రిపోర్టు చూసి సేటు, “నాట్లు కూడా పడని ఆగస్టుల మనకు వడ్లెట్ల వచ్చినయ్?” అన్నాడు. తేదీని అక్షరాలుగా రాయకుండా తేదీ రకం పారామీటరుగా అందిస్తే ఈ గొడవే లేదు, ఎందుకంటే అప్పుడది రోజూ నెలా కలిసిన ఒక్క విలువగా వెళ్తుంది, చదువుకోవడానికి అక్షరాలుండవు.

తేమ గడి ఇంకో పాఠం. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ పదిహేడు శాతం దాటకూడదు. రద్దీలో కొన్ని బండ్లకు తేమ చూడరు, గడి ఖాళీగా వదిలేస్తారు. నేను ఆ చోట సున్నా పంపేవాణ్ణి. సగటు తేమ రిపోర్టు చూస్తే మా మిల్లుకు వచ్చిన వడ్లన్నీ ఎండలో నెల రోజులు ఆరబెట్టినట్టు కనిపించేవి. చూడకపోవడం వేరు, సున్నా రావడం వేరు. ‘విలువ లేదు’ అని చెప్పడానికి డేటాబేసులో నల్ అని ఉంది. కానీ డాట్‌నెట్‌లో ఊరికే ఏమీ లేదని వదిలేస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఆ ఖాళీయే అందదు, ‘మీరు ఈ పారామీటరు ఇవ్వలేదు’ అని తిప్పి పంపుతుంది. డీబీనల్ అనే ప్రత్యేకమైన విలువను చేతిలో పెట్టాలి. ఖాళీగా వదిలేశామని కూడా రాసి సంతకం పెట్టాలన్నమాట. గుమాస్తా గారి గీత లాంటిదే.

2010 ప్రాంతంలో కొందరు ఎస్‌క్యూఎల్ సర్వర్ కొన్నారు, చిట్టీ తెలుగులో కావాలన్నారు. సరే, విండోస్‌లో గౌతమి ఫాంటు ఉంది, యూనికోడ్ తెలుగు పనిచేస్తుంది. అన్నీ సిద్ధం చేసి మొదటి చిట్టీ ప్రింటు తీస్తే ఊరి పేరు దగ్గర అన్నీ ప్రశ్న గుర్తులే. పాత అలవాటు కొద్దీ వాక్యంలో అతికించిన తెలుగు మాటకు ముందు ‘ఎన్’ అనే అక్షరం పెట్టకపోతే, ఆ సర్వర్ దాన్ని పాత ఇంగ్లీషు లిపి పట్టికలోకి నెట్టి, దొరకని ప్రతి గుర్తుకూ బదులుగా ఒక ప్రశ్న గుర్తు వేస్తుంది. అక్షరానికి ఒకటి కాదు. హల్లుకు ఒకటి, గుణింతానికి ఒకటి, పొల్లుకు ఒకటి. కోదాడకు అయిదు, సూర్యాపేటకు తొమ్మిది, మిర్యాలగూడకు పది. కొన్నాళ్లకు ప్రశ్న గుర్తులు లెక్కపెట్టి ఊరు చెప్పే విద్య నాకు పట్టుబడింది. ఇంకా విడ్డూరం, కోదాడ రైతుల్ని వెతికితే అయిదు గుర్తుల ఊళ్లన్నీ కలిసి వచ్చేవి, ఎందుకంటే వెతికే మాట కూడా అయిదు ప్రశ్న గుర్తులయ్యేది.

అదే విలువను పారామీటరుగా ఇస్తే డాట్‌నెట్ దాన్ని యూనికోడ్ మాటగానే తీసుకెళ్తుంది. రెండు వేల పైచిలుకు చిట్టీలను కాగితం చూసి మళ్లీ ఎక్కించాక నేను ఆ పద్ధతికి వచ్చాను. దానికీ ఒక తోక ఉంది. రకం చెప్పకుండా ‘నువ్వే చూసుకో’ అని విలువ ఒక్కటే ఇచ్చే పొట్టిదారి ఉంది. తెలుగు పేర్లకు అది బాగానే నడిచింది. బండి నంబర్ల గడి మాత్రం మామూలు ఇంగ్లీషు లిపి రకం. యూనికోడ్ విలువతో దాన్ని పోల్చాల్సి వచ్చి, సర్వర్ సూచికను పక్కన పెట్టి పట్టిక మొత్తం చివరిదాకా తిరగేసేది. కాంటా మీద బండి నిలబెట్టి డ్రైవరు హారన్ కొడుతుంటే, నా ప్రోగ్రాం లోపల లక్షల చిట్టీలు తిరగేస్తూ ఉండేది. రకం రాసి, పొడవు రాసి ఇచ్చాక రెప్పపాటులో వచ్చింది.

కోదాడది వేరే తరహా కష్టం, అది యంత్రం తెచ్చింది కాదు. అక్కడ ఎరువులు, పురుగుమందుల డీలరు ఒకాయనకు బిల్లింగ్ రాసిచ్చాను. రాష్ట్రం పేరు క్వెరీలోనే ‘ఆంధ్రప్రదేశ్’ అని నాటేశాను. మారదు కదా అని. జిల్లా ‘నల్లగొండ’ అని నాటేశాను. బండి నంబరు ‘ఏపీ 24’తో మొదలైతే లోకల్ అని ఒక షరతు రాశాను. 2014 జూన్ 2 తెల్లవారేసరికి కోదాడ సరిహద్దు ఊరైంది. జగ్గయ్యపేట దుకాణానికి సరుకు పంపితే నిన్నటిదాకా ఊళ్లో అమ్మకం, ఇవాళ అంతర్రాష్ట్ర అమ్మకం. బండ్లకు టీఎస్ 05 వచ్చింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సూర్యాపేట జిల్లా బండ్లకు టీఎస్ 29 వచ్చింది. నా మూడు ఊళ్లూ రెండు జిల్లాలైపోయాయి.

2017 జులై 1న జీఎస్టీ. రాష్ట్ర కోడ్ తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. కొన్నవాడి జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూసి పన్ను ఎటు పోవాలో తేల్చాలి. ఎరువుల మీద పన్నెండు శాతం అని అంతకుముందే చెప్పారు కాబట్టి నేను కోడ్‌లో పన్నెండు అని రాసి పెట్టుకున్నాను. జూన్ 30న, ఇంకొన్ని గంటల్లో అమల్లోకి వస్తుందనగా, జీఎస్టీ మండలి దాన్ని అయిదు శాతానికి తగ్గించింది. ఆ రాత్రి కోదాడలో డీలరు ఇంటి వరండాలో కూర్చుని పన్నెండు ఎక్కడెక్కడ రాశానో వెతుక్కుంటూ గడిపాను. పదిహేడు చోట్ల దొరికింది. పద్దెనిమిదోది ఆగస్టులో దొరికింది. అప్పటి నుంచి నా కోడ్‌లో శాతాలూ రాష్ట్రాలూ ఉండవు. పట్టికలో ఉంటాయి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న గడితో సహా, అక్కడి నుంచి ఖాళీలోకి వస్తాయి. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు నేను చేసిన పని ఒక వరస చేర్చడం. డీలరు ఫోన్ చేసి, “ఈసారి రాలేదేంది?” అన్నాడు.

దొంగతనం మాట కూడా చెప్పాలి, పారామీటర్ల గురించి ఎవరు మాట్లాడినా ముందు దాని గురించే చెబుతారు కాబట్టి. ఒక కాలేజీకి ఫీజుల ప్రోగ్రాం చేశాను. లాగిన్ పేజీలో పేరు, పాస్‌వర్డు, నా పాత అతికింపు వాక్యం. ఒక విద్యార్థి వచ్చి, “సార్, మీ పాస్‌వర్డు నాకు తెలియదు, అయినా లోపలికి వెళ్తాను చూడండి” అన్నాడు. పాస్‌వర్డు గడిలో ఒక కొటేషన్, ఆ వెనక ‘లేదా ఒకటి ఒకటికి సమానం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క కొట్టాడు. ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే కదా. తలుపు తెరుచుకుంది. ఈ కిటుకును 1998లోనే జెఫ్ ఫారిస్టల్ అనే ఆయన ‘ఫ్రాక్’ అనే హ్యాకర్ల పత్రికలో మారుపేరుతో రాశాడు. పదేళ్లు దాటినా నా ప్రోగ్రాంలో అది పనిచేసింది. కుర్రాడికి టీ ఇప్పించి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. అప్పటికే క్లాసంతా తెలుసట.

అన్నీ పారామీటర్లుగా ఇవ్వలేం అన్నది కూడా ఈ పనిలో ఉన్నవాళ్లకు కొరుకుడు పడని సంగతి. బీపీటీ, హెచ్‌ఎంటీ, పది పది అని మూడు రకాల వడ్ల రిపోర్టు అడిగితే, ఒక్క ఖాళీలో మూడు పేర్లు కుక్కితే అది ఆ మూడూ కలిసిన ఒక వింత రకం కోసం వెతికి ఏమీ లేదంటుంది. ఎన్ని ఎంచుకుంటే అన్ని ప్రశ్న గుర్తులు అచ్చు వేయాలి. పట్టిక పేరును ఖాళీలో పెట్టనే పెట్టలేం. ఏడాదికో పట్టిక పెట్టి నడిపే పాత మిల్లులున్నాయి. అక్కడ మాత్రం నేనే రాసుకున్న జాబితాలో ఉన్న పేరైతేనే వాక్యంలోకి రానిస్తాను.

ఇంకొకటి, దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది. ఒక మిల్లులో పార్టీ ఖాతా తెరిస్తే కొన్ని రోజులు చిటికెలో వచ్చేది, కొన్ని రోజులు నిమిషాలు పట్టేది. అదే ప్రోగ్రాం, అదే సర్వర్. కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి కారణం కనిపెట్టింది. “సార్, పొద్దున పెద్ద ఏజెంటు ఖాతా ముందు తెరిస్తే ఆ రోజంతా బాగుంటది. చిన్న రైతుది ముందు తెరిస్తే పెద్దోళ్లవి కదలవు.” ఆమె అన్నది అక్షరాలా నిజం. ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదటిసారి వచ్చిన పారామీటరు విలువను చూసి, దానికి తగ్గట్టు దారి వేసుకుని, ఆ దారిని దాచుకుని తర్వాత వచ్చినవాళ్లందరినీ అందులోనే నడిపిస్తుంది. మూడు చిట్టీల రైతు కోసం వేసిన కాలిబాటలో లక్ష చిట్టీల ఏజెంటును నడిపిస్తే అంతే. బోణీ ఎవరిదైతే రోజంతా వాళ్ల లెక్కే. ఆమె రోజూ సర్వర్ ఆన్ చేయగానే పెద్ద ఏజెంటు ఖాతాతో బోణీ చేసేది, నేను విషయం తెలుసుకుని ఆ ఒక్క క్వెరీకి ప్రతిసారీ కొత్తగా దారి వేసుకొమ్మని ‘రీకంపైల్’ అని రాసేదాకా. రాశాక కూడా ఆమె బోణీ మానలేదు.

పెద్ద గుమాస్తా గారు ఇప్పుడు లేరు. వాళ్ల అబ్బాయి ఇచ్చిన ఖాళీ ప్రామిసరీ నోట్ల కట్ట నా బల్ల సొరుగులో ఉంది. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు కోడ్ చూపించేముందు ఒక నోటు ఇచ్చి నింపమంటాను. చాలామంది ‘అక్షరాలా’ దగ్గర ఆగి, ఇక్కడేం రాయాలి సార్ అని అడుగుతారు.

మొన్న యాసంగిలో అదే మిల్లుకు వెళ్లాను. కాంటా బరువు ఇప్పుడు తీగ ద్వారా నేరుగా ప్రోగ్రాంలోకి వస్తుంది, ఎవరూ కొట్టనక్కర్లేదు. బస్తాలు మాత్రం ఇంకా మనిషి చెప్పాల్సిందే. పాత మేస్త్రి కొడుకు ఇప్పుడు మేస్త్రి. చేతిలో స్మార్ట్‌ఫోను ఉంది, అయినా గోడ మీద బొగ్గు గీతలు అలాగే ఉన్నాయి. సాయంత్రం నేను తెర మీద మొత్తం చదివాను, 412. అతను గోడ దగ్గర నిలబడి అయిదేసి చొప్పున వేలితో లెక్కపెట్టుకుంటూ పోయాడు. చివర అడ్డగీత లేని రెండు నిలువు గీతలు మిగిలాయి. “సరిపోయింది సారూ” అని తడిగుడ్డతో గోడ తుడిచి, టీ చెప్పడానికి గేటు దగ్గరికి వెళ్లాడు.